కుట్టు లోపలి బట్ట

పెద్దక్క ఒంట్లో కండ ఎంత తక్కువో కుళ్ళు అంత ఎక్కువ. ఈ మాట ఆ వీధిలో అందరూ అనుకునేదే. కాకపోతే ఆవిడ చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుంది కాబట్టి ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే కుట్టుకొట్టు. వీధి వైపు తెరుచుకునే గది, గోడవారగా రెండు మిషన్లు, మధ్యలో కత్తిరింపుల బల్ల, మూలన తెర, తెర పక్కన నిలువుటద్దం. కొలతలు తీయడం, గుడ్డ కత్తిరించడం పెద్దక్క పని. కాజాలు, గుండీలు, చేతికుట్టు, చివరి మెరుగులు చిన్నక్క పని. ఆడవాళ్ళు వస్తారు, పెద్దక్క ముందు ఊపిరి బిగబట్టుకుని నిలబడి కొలతలిస్తారు, ఇచ్చీ ఇవ్వగానే పోయి చిన్నక్క పక్కనున్న ముక్కాలిపీట మీద చతికిలబడతారు. ఇక లేస్తే ఒట్టు. మొగుడి సంగతులు, అత్తగారి సంగతులు, పక్కింటి కుక్క సంగతులు, అన్నీ అక్కడే. చిన్నక్క మంచి బొద్దుగా ఉంటుంది, నవ్విందంటే ఒళ్ళంతా నవ్వుతుంది. గుడ్డని గీత తప్పకుండా కత్తిరించింది ఎవరు? పెద్దక్క. అద్దం ముందు గౌను చూసుకుని మురిసిపోతూ "చిన్నక్కా, నీ చేతిలో ఏదో ఉందే" అనిపించుకునేది ఎవరు? చిన్నక్క. ఒళ్ళు మండదా మరి!

పైన ఇంట్లోనూ అదే వరస. పెద్దక్కకి పెళ్ళి కాలేదు. చిన్నక్కకి అయింది, అదీ మామూలు మొగుడు కాదు. బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా కొట్లోకొచ్చి, పెళ్ళాం పక్కన కూలబడి, "ఏమోయ్ బంతీ, ఇవాళ ఎన్ని కాజాలు తీశావ్?" అని అడిగే రకం. యాభై దాటిన మనుషులు! పెద్దక్క ఆ మాట వినపడకుండా మిషను గట్టిగా తొక్కేది. అతను మర్యాదకి "వదినా, బాగున్నారా" అంటే "నాకేం రోగం" అనేది.

మరి తనకేముంది? తనకి నడుముంది. పాతికేళ్ళ వయసులో కుట్టించుకున్న గౌను ఇప్పటికీ సరిపోయేది. వీధిలో వాళ్ళు వెనకాల "సూది" అని పిలుస్తారని ఆవిడకి తెలుసు, ఆ పేరుని పొగడ్త కిందే జమ కట్టుకుంది. చెల్లెలికి లేనిదీ తనకున్నదీ ఈ లోకంలో అదొక్కటే.

వాళ్ళమ్మ ఆ కొట్లో ఒక కట్టుబాటు పెట్టిపోయింది. ఎవరి బట్టలు వాళ్ళు కుట్టుకోకూడదు. మన ఒంటిని మనం ఉన్నదున్నట్టు చూసుకోలేం, అక్కది చెల్లెలు కుట్టాలి, చెల్లెలిది అక్క కుట్టాలి అనేది. కొలిపించుకునే మనిషి టేపు మొదలు నడుము దగ్గర పట్టుకుంటే, కొలిచే మనిషి రెండో కొస చుట్టూ తిప్పి తెచ్చి అంకె చెప్పాలి. అమ్మ పోయింది కానీ కట్టుబాటు పోలేదు. చిన్నక్క ఏనాడూ ఆ అంకె వంక తొంగి కూడా చూడలేదు. అక్క చెప్పిందంటే అంతే.

పెద్దక్కకి మాత్రం చెల్లెలు కుట్టే గౌన్లలో ఒక్క సంగతి ససేమిరా నచ్చేది కాదు. కుట్టు లోపల వదిలే బట్ట, అదే మార్జిన్, చిన్నక్క మరీ ఎక్కువ వదిలేసేది. ఒక వేలు చాలిన చోట మూడు వేళ్ళు. ఆ బట్టంతా నడుము దగ్గర పోగుపడేది. నా నడుము లావుగా కనపడాలని దీని ఏడుపు, అనుకునేది పెద్దక్క. చెప్పి చూసింది, విసుక్కుంది. చిన్నక్క నవ్వేసి "ఉండనీ అక్కా, ఉంటే పోయేదేముంది" అనేది, తర్వాతి గౌనుకి మళ్ళీ అంతే వదిలేది.

ఇలా ఉండగా చిన్నక్కకి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. మెట్లెక్కడానికి ఆపసోపాలు పడేది. ఇక చూడాలి జనం హడావుడి. ఒకావిడ తైలం తెచ్చింది, ఒకావిడ దిండు తెచ్చింది, మరిది మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనప కడ్డీ వేయించాడు. పెద్దక్క జ్వరమొచ్చి మూలుగుతూ పడుకున్నప్పుడు గౌను ఎప్పుడిస్తావని అడగడానికి వచ్చిన మొహాలే ఇవన్నీ. మోకాళ్ళు నొప్పి పెట్టవా మరి, అంత ఒళ్ళేసుకుని తిరిగితే, అని కత్తిరింపుల బల్లతో చెప్పుకునేది.

మరిదికి ఆ రోజు డ్యూటీ మార్చుకోవడం కుదరక, డాక్టరు దగ్గరికి పెద్దక్కే తోడెళ్ళింది. ఎముకల డాక్టరమ్మ తొందర లేని మనిషి. మోకాళ్ళు వంచి చూసింది, నొక్కి చూసింది, ఆ తర్వాత చిన్నక్క చేతులు తీసుకుని ఒక్కో వేలూ కదిపింది.

"వేళ్ళు కూడా నొప్పి పెడతాయా?"

చిన్నక్క నీళ్ళు నమిలింది. "పెడతాయమ్మా. పొద్దున లేవగానే ముడుచుకోవు. కాజాలు తీస్తుంటే సూది జారిపోతోంది. ఎవరికీ చెప్పలేదు."

పెద్దక్క చెవులు రిక్కించింది. చేతులే కదా దాని గొప్పంతా!

"మోకాళ్ళంటే సరేనండీ, అంత బరువు మోస్తున్నాయి," అంది. "వేళ్ళేం మోస్తున్నాయని?"

"సరైన ప్రశ్న వేశారు," అంది డాక్టరమ్మ. పెద్దక్క ఇంకాస్త నిటారుగా కూర్చుంది. "కొవ్వంటే ఒంట్లో ఓ మూలన పడున్న మూట అనుకుంటాం. కాదు. అదీ పని చేస్తూనే ఉంటుంది. హార్మోన్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అందులో లెప్టిన్ అని ఒకటి. ఒంట్లో నిల్వ ఎంతుందో మెదడుకి కబురు చెప్పడం దాని పని. కానీ రక్తంలో తిరిగేది అక్కడితో ఆగదు కదా. ఎముకల దగ్గరికీ వెళ్తుంది, కీళ్ళ దగ్గరికీ వెళ్తుంది. కొవ్వు మరీ ఎక్కువైతే ఇలాంటివన్నీ మోతాదు మించిపోయి, కీళ్ళ లోపల వాపు పుట్టిస్తాయి. ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తటి పొర ఉంటుంది చూడండి, అది అరిగిపోవడానికి అదొక కారణం. అందుకే బరువు మొయ్యని వేళ్ళు కూడా నొప్పి పెట్టొచ్చు. వయసు, చేసే పని, అవీ ఉంటాయనుకోండి."

చిన్నక్క తన వేళ్ళ వంక చూసుకుంటూ కూర్చుంది. నర్సు వచ్చి ఆమెని ఎక్స్‌రే గదికి తీసుకెళ్ళింది. పెద్దక్క కడుపులో మాత్రం చల్లగా ఉంది. ఇన్నాళ్ళకి ఒక చదువుకున్న మనిషి తన మనసులో మాట అంది.

"అంటే కొవ్వే విషమన్నమాట," అంది.

"విషమేం కాదు. అది బొత్తిగా లేకపోయినా కష్టమే. ఎముకకి అందాల్సినవి అందక గుల్లబారుతుంది. మీ చెల్లెలికి గట్టిగా చెప్పండి, మెల్లగా తగ్గాలి. కడుపు మాడ్చుకుని గబగబా తగ్గితే కొవ్వుతో పాటు ఎముకా పోతుంది. నెలకోసారి తీసుకురండి, నేను చూస్తుంటాను." ఆగి, పెద్దక్కని ఎగాదిగా చూసింది. "మీరు కూడా ఓసారి ఎముకల పరీక్ష చేయించుకోండి. ఈ వయసులో ఇంత సన్నదనం నాకు నచ్చట్లేదు."

పెద్దక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. దాని మోకాళ్ళ కోసం వస్తే మధ్యలో నన్నంటుందేమిటి ఈవిడ! నా నడుముకి వంక పెట్టేదొకతి బయల్దేరింది. ఆ కోపంలో డాక్టరమ్మ చెప్పిన రెండో సగం మొత్తం అక్కడే, ఆ కుర్చీలోనే వదిలేసి లేచింది.

చెల్లెలికి మొదటి సగమే చెప్పింది. "నీ కొవ్వే నీ వేళ్ళని తినేస్తోందట. తగ్గావా, చేతులు దక్కుతాయి. లేదా, కాజాలు కూడా నేనే తీసుకోవాలి."

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"తగ్గాక రమ్మంది."

చిన్నక్క హడలిపోయింది. చేతులంటే ఆమెకి ప్రాణం. ఆ రోజు నుంచే తిండి సగానికి సగం కోసేసింది, కొన్నాళ్ళకి ఆ సగంలోనూ సగం. మధ్యాహ్నం అన్నం మానేసి నీళ్ళు తాగి కూర్చునేది. మరిది బతిమాలాడు, కోప్పడ్డాడు, డ్యూటీ నుంచి వస్తూ పళ్ళు పట్టుకొచ్చాడు. ఆమె ముట్టలేదు. "నా వేళ్ళు పోతే నువ్వు కుడతావా కాజాలు?" అంది అతనితో.

ఒక రోజు టేపు తెచ్చి అక్క ముందు నిలబడింది. "చూడక్కా, ఏమైనా తగ్గానా?"

తగ్గింది. టేపు చుట్టూ తిప్పుతుంటేనే పెద్దక్క చేతికి తెలిసిపోయింది. చెల్లెలి మొహంలో ఆ ఆశ ఉంది చూశారా, అది పెద్దక్కకి గిట్టలేదు. దీనికి మొగుడుంది, నవ్వుంది, చేతిలో పనితనముంది, ముక్కాలిపీట మీద జనముంది. ఇప్పుడు నడుము కూడా కావాలా? పాత అంకే చెప్పింది.

"అలాగే ఉన్నావు."

చిన్నక్క మొహం వాడిపోయింది. పెద్దక్క అక్కడితో ఊరుకుందా? ఊరుకోలేదు. ఆ వారం కుట్టిన కొత్త గౌను నడుము దగ్గర రెండు వేళ్ళు లోపలికి వేసి బిగించింది. చిన్నక్కకి అది ఊపిరాడకుండా పట్టింది. "పాతవి కూడా ఇటు తే, కుట్లు ఊడిపోతున్నాయి, బాగుచేస్తాను" అని బీరువాలో ఉన్నవన్నీ తెప్పించి, ఒక్కొక్కటే లోపలికి వేసేసింది. "నా కోసం ఎంత కష్టపడుతున్నావక్కా" అంది చిన్నక్క. పెద్దక్క దారం తెంపుతున్నట్టు తల వంచుకుంది.

చిన్నక్క ఇంకా తగ్గింది. మోకాళ్ళు కాస్త తేలికపడ్డ మాట నిజమే, వేళ్ళ నొప్పి మాత్రం పోలేదు. బుగ్గలు పోయాయి. నవ్వితే ఇప్పుడు పళ్ళే కనపడుతున్నాయి. వచ్చిన ఆడవాళ్ళు మాత్రం ఒకటే పొగడ్తలు. "చిన్నక్కా, పెళ్ళికూతురిలా అయిపోయావు" అని ఒకావిడ. "వాళ్ళు నన్ను బాధపెట్టడం ఇష్టం లేక అలా అంటారు, టేపుకి మొహమాటం ఉండదుగా" అనేది చిన్నక్క. అద్దంలో చూసుకోవడం మానేసింది.

ఒక సాయంత్రం ఓ పాత బేరం కొట్లోకి వస్తూ, వీపు తిప్పి నిలబడ్డ చిన్నక్కని చూసి "పెద్దక్కా, నా కోటు అయిందా?" అంది. చిన్నక్క ఇటు తిరిగింది. "ఓరి నాయనో, నువ్వా! వెనక నుంచి అచ్చం మీ అక్కే అనుకున్నా. కాకపోతే నీ మీద కళ ఉంది" అంది ఆవిడ.

కత్తెర పెద్దక్క చేతిలోనే ఆగిపోయింది. ఉన్న ఒక్కటీ పోయింది! అందరూ చూసేశారు, దానికొక్కదానికే తెలియదు. తెలియకూడదు. తెలిసిందంటే ఆ నడుము కూడా దాని సొంతమైపోతుంది. ఆ రోజే చెల్లెలి గౌను తీసుకుని మళ్ళీ ఒక కుట్టు లోపలికి వేసింది. ఇది పాపమని ఆవిడకి తెలియక కాదు. తెలిసే చేసింది.

పడిందంటే పెద్దగా పడిందేం కాదు చిన్నక్క. ముక్కాలిపీట మీద నుంచి లేచి, పూర్తయిన కోటు కొంకీకి తగిలించబోతూ కళ్ళు తిరిగి ముందుకు తూలింది. ఆనుకోవడానికి కుడిచెయ్యి నేల మీద పెట్టింది. అంతే. మామూలుగా అయితే దులుపుకుని లేచి నవ్వేసేది. మణికట్టు పక్కకి తిరిగిపోయి ఉంది.

మరిది బస్సుతో ఎక్కడో ఊరవతల ఉన్నాడు. పెద్దక్కే టాక్సీలో తీసుకెళ్ళింది. దారంతా చిన్నక్క ఏడ్చింది, నొప్పికి కాదు, "ఈ చెయ్యేనా అక్కా, ఈ చెయ్యే పోవాలా" అని.

అదే డాక్టరమ్మ. ఎక్స్‌రే చూసింది, చేతి కింద చెక్క ఆసరా పెట్టింది, పిండికట్టు వేసే ముందు చిన్నక్కని బరువు చూసే మిషను ఎక్కించింది. మిషను వంక చూసి, మనిషి వంక చూసి, మళ్ళీ మిషను వంక చూసింది.

"ఇంత తగ్గిపోయారేమిటమ్మా? ఎవరు చెప్పారు ఇలా తగ్గమని? ఈ మాత్రం తూలుడుకి మణికట్టు విరగకూడదు. ఈ వయసులో ఎముక ఎలాగూ పల్చబడుతుంది, మీరు కడుపు మాడ్చుకుని దానికి తోడు తెచ్చారు. కళ్ళు తిరిగింది కూడా అందుకే."

"తగ్గలేదమ్మా," అంది చిన్నక్క. "ఎంత చేసినా తగ్గట్లేదు. ఈ గౌను చూడండి, ఎంత బిగుతుగా ఉందో."

"ఇరవై కిలోలు తగ్గారు."

"మీ మిషను పాడైందేమో చూడండమ్మా. మా అక్క టేపు తప్పు చెప్పదు. మా అమ్మ తర్వాత ఈ చుట్టుపక్కల అందరి కొలతలూ ఆ టేపే చెప్తుంది."

డాక్టరమ్మ పెద్దక్క వైపు తిరిగింది. "మీకు అన్నీ చెప్పాను కదండీ ఆ రోజు." పెద్దక్క మెడలో వేలాడుతున్న టేపు ఉన్నట్టుండి బరువెక్కింది.

చెయ్యి వాచిపోయి గౌను చెయ్యి పట్టేసింది. నర్సు కత్తెర తీసుకుని గుడ్డ కత్తిరించబోయింది. చిన్నక్క ఎడమచేత్తో అడ్డుకుంది. "కత్తిరించకండమ్మా, అక్క కుట్టింది. అక్కా, నువ్వే కుట్లు విప్పు."

కాదనడానికి వీల్లేదు. పెద్దక్క తన సంచీలోంచి దారాలు తెంపే చిన్న కత్తెర తీసింది. మణికట్టు దగ్గర మొదలుపెట్టి చంక దాకా విప్పింది. అంతవరకు చాలని అక్కడ ఆపబోయింది. "నడుము దాకా విప్పండి, ఊపిరి కూడా ఆడట్లేదు ఆవిడకి" అంది డాక్టరమ్మ. విప్పింది. లోపల దాగిన బట్టంతా ఒక్కసారిగా బయటికి విచ్చుకుని చిన్నక్క ఒళ్ళో పడింది. మూడు వేళ్ళు కాదు, నాలుగు కాదు, అరచేతి వెడల్పు.

చిన్నక్క ఆ బట్ట వంక చూసింది. అంత నొప్పిలోనూ మొహం విప్పారింది.

"నువ్వూ నాకు వదులుతున్నావా అక్కా? చూశావా, నన్ను తిడుతూనే నువ్వూ అదే పని చేశావు. నీ గౌన్లలో నేను వదిలేది ఎందుకనుకున్నావ్? ఎప్పటికైనా నువ్వు కాస్త ఒళ్ళు చేస్తావేమో, అప్పుడు కుట్టు విప్పితే చాలు కదా అని. నువ్వలా పుల్లలా తిరుగుతుంటే నాకు బెంగ. పైకంటే కోప్పడతావని చెప్పలేదు."

మాట్లాడుతూనే ఎడమచేతి వేలితో ఆ బట్టని నిమిరింది. చివరి మెరుగులు దిద్దే వేలు అది. విప్పేసిన పాత కుట్ల తాలూకు సూది కన్నాలు దానికి తగిలాయి. ఒక వరస. దానికి లోపలగా ఇంకో వరస. ఇంకా లోపలగా ఇంకోటి. ప్రతిసారీ లోపలికే, ఒక్కసారీ బయటికి కాదు. వేలు చివరి వరస దగ్గర ఆగిపోయింది. మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళలో లేదు.

అవునే, అందుకే వదిలానని పెద్దక్క అని ఉంటే సరిపోయేది. చెల్లెలు నమ్మడానికి ఇంకా సిద్ధంగానే ఉంది, నమ్మాలని చూస్తోంది. పెద్దక్క నోరు తెరిచింది. ఆ అబద్ధం రాలేదు.

"కాదే," అంది. "నువ్వు తగ్గినా తగ్గలేదనుకోవాలని చేశా. కావాలనే చేశా. మెల్లగా తగ్గమని డాక్టరమ్మ చెప్పింది, నెలనెలా రమ్మంది, అదీ నీకు చెప్పలేదు. నువ్వంటే నాకు కుళ్ళు. చిన్నప్పటి నుంచీ కుళ్ళే. అందరూ నీ దగ్గరే కూర్చుంటారు."

చిన్నక్క తిట్టలేదు, ఏడవలేదు. విరిగిన చెయ్యి చెక్క మీద ఉంది. రెండో చెయ్యి చాచింది.

"టేపు ఇవ్వక్కా."

పెద్దక్క మెడలోంచి టేపు తీసి ఇచ్చింది. చిన్నక్క మెల్లగా లేచి నిలబడి, టేపు మొదలు ఎడమచేత్తో నడుము దగ్గర పెట్టి పట్టుకుంది. పెద్దక్క అలవాటు కొద్దీ రెండో కొస కోసం చెయ్యి చాచింది. ఈసారి నిజం చెప్తానని, ఉన్నదున్నట్టు చెప్తానని ఆవిడ మనసులో అనుకుంటూనే ఉంది.

చిన్నక్క ఆ చేతి వంక చూడనైనా చూడలేదు. పక్కకి తిరిగింది.

"డాక్టరమ్మా, ఆ కొస మీరు పట్టుకోండి," అంది. "ఎంతుందో పైకి చదవండి."

డాక్టరమ్మ పట్టుకుంది. పెద్దక్క చెయ్యి చాచింది చాచినట్టే ఉండిపోయింది.